విజయనగరం: సంస్థానం పోయినా చెక్కుచెదరని రాజధాని

తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ నడుమ, కళింగాంధ్ర మైదానంలో ఉన్న ఊరు విజయనగరం. పూసపాటి వంశీకుల సంస్థానానికి ఇది రెండు వందల ఏళ్లకు పైగా రాజధాని. అంతకుముందు ఆ వంశం కుమిలి కోట నుంచి పాలించింది. 1713లో ఇక్కడ కోటకు శంకుస్థాపన జరిగాక ఊరు దాని చుట్టూ పెరిగింది. నాలుగు మూలలా బురుజులున్న ఆ రాతికోటలో ఇప్పుడు కళాశాలలు నడుస్తున్నాయి.

ఈ మైదానంలో జనజీవనం కోటకంటే ఎంతో పాతది. దగ్గరలోని రామతీర్థంలో గురుభక్తులకొండ మీద బౌద్ధారామం, బోధికొండ మీద జైన శిల్పాలు ఉన్నాయి. కొండల పక్కనే రామాలయం. ఒకే చోట మూడు మతాల ఆనవాళ్లు మిగలడం ఈ ప్రాంతపు గొప్పదనం.

ఈ సంస్థానానికీ పొరుగునున్న బొబ్బిలికీ మధ్య 1757లో బొబ్బిలి యుద్ధం జరిగింది. 1794లో పద్మనాభం వద్ద ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడుతూ సంస్థానాధీశుడు చిన విజయరామరాజు కన్నుమూశాడు. ఆ తర్వాత సంస్థానం కంపెనీకి లోబడిన జమీందారీగా మిగిలింది. కత్తి పట్టే అవసరం తీరిపోయిన ఆ కాలంలోనే ఊరు విద్యకు నిలయమైంది. 1857లో బడిగా మొదలైన మహారాజా విద్యాసంస్థ 1879లో కళాశాల అయింది. గురజాడ అప్పారావు అక్కడే చదివి, అక్కడే పాఠాలు చెప్పాడు. ఆయన ‘కన్యాశుల్కం’ మొదటి ప్రదర్శన 1892లో ఈ ఊళ్లోనే జరిగింది.

ఊరికి అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చింది మాత్రం 1919లో వెలసిన సంగీత కళాశాలే. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రధానాచార్యుడు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడి వాయులీనం విని, ఆయన్ను ఏకంగా అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెబుతారు. నారాయణదాసు తర్వాత ప్రధానాచార్యుడైంది కూడా ద్వారమే. ఘంటసాల, పి.సుశీల ఇక్కడ సంగీతం నేర్చినవారే.

ఊరి ఇలవేల్పు పైడితల్లి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. పొడవాటి చింతమానును బండికి అమర్చి, దాని చివర ఆసనంలో పూజారిని కూర్చోబెట్టి పైకి లేపుతారు. గుడికీ కోటకూ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల సాగుతాయి. వీధుల నిండా జనం అరటిపళ్లు విసురుతూ మొక్కులు తీర్చుకుంటారు.

జమీందారీల రద్దుతో సంస్థానం ముగిసినా ఊరి ప్రాధాన్యం తగ్గలేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల భాగాలు కలిపి 1979 జూన్ 1న జిల్లా ఏర్పరచినప్పుడు విజయనగరమే కేంద్రమైంది. హౌరా–చెన్నై రైలుమార్గం నుంచి పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూర్ వెళ్లే లైను చీలేది ఇక్కడే. పక్కనున్న నెల్లిమర్లలో జనపనార మిల్లు తరాల తరబడి కార్మికులకు అన్నం పెట్టింది. ఆ ఊరి పక్కనుంచి పారే చంపావతి నది నీళ్లు పట్టణం దాహం తీరుస్తున్నాయి.