తుఫాను ఆగకపోతే? పౌలు ఓడలో 14 రాత్రులు

గలిలయ సముద్రంలో యేసయ్య తుఫానుని గద్దించి ఆపిన కథ మనకి సండే స్కూల్ నుంచే తెలుసు. వాట్సాప్ స్టేటస్‌లో ఎక్కువ కనబడేది కూడా అదే. ఈరోజు ఆ కథ కాదు. తుఫాను ఆగని కథ చూద్దాం. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం. ఫోన్‌లో బైబిల్ యాప్ ఉంటే ఓపెన్ చేసి పెట్టుకోండి.

ఈ అధ్యాయమే ఎందుకంటే, మా నాన్న ఐసీయూలో ఉన్న 9 రోజులూ నేను ఆ గలిలయ కథే పట్టుకుని ప్రార్థన చేశాను. తుఫాను ఆగలేదు. నాన్న వెళ్ళిపోయారు. తర్వాత చాలాకాలం నాకు ఒకటే డౌట్: నా విశ్వాసం సరిపోలేదా? మీలో కూడా కొంతమందికి ఈ డౌట్ ఉండే ఉంటుంది.

సరే, కథలోకి వెళ్దాం. పౌలు ఖైదీ. విచారణ కోసం రోమాకి, కైసరు దగ్గరికి తీసుకెళ్తున్నారు. కాపలా యూలి అనే శతాధిపతి. ఎక్కింది అలెక్సంద్రియ ఓడ, అందులో గోధుమలు, మొత్తం 276 మంది మనుషులు. చలికాలం దగ్గరపడింది. ఆ రోజుల్లో చలికాలం వచ్చిందంటే మధ్యధరా సముద్రంలో ప్రయాణాలు దాదాపు ఆపేసేవాళ్ళు. అందుకే క్రేతు దగ్గర, మంచిరేవుల్లో ఉన్నప్పుడే పౌలు చెప్పాడు, ఇప్పుడు బయల్దేరితే నష్టం తప్పదని. యూలి ఎవరి మాట విన్నాడు? ఓడ నడిపేవాడి మాట, ఓనర్ మాట. నిజం చెప్పాలంటే నేనైనా అదే చేసేవాణ్ణి. ఖైదీ చెప్పాడని ఓడ ఆపేదెవరు?

బయల్దేరిన కాసేపటికే ఊరకులోను అనే పెనుగాలి విరుచుకుపడింది. ఇక ఓడ వాళ్ళ చేతుల్లో లేదు. వెనక కట్టిన చిన్న పడవని పైకి లాగారు. ఓడ విడిపోకుండా చుట్టూ తాళ్ళు బిగించారు. మర్నాడు సరుకు పారేశారు. మూడోరోజు ఓడ సామాన్లే తీసి సముద్రంలో వేశారు. రోజుల తరబడి సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. దిక్సూచి లేని కాలం కదా, అంటే జీపీఎస్ పూర్తిగా ఆఫ్ అయిపోయినట్టే. అప్పుడు లూకా ఏం రాశాడంటే, బతుకుతామన్న ఆశ పూర్తిగా పోయింది అని. ఆయన కూడా ఆ ఓడలోనే ఉన్నాడు. ఆశ పోయినవాళ్ళ లెక్కలోంచి తనని తాను తీసేసుకోలేదు. విశ్వాసి నోట ఆ మాట రాకూడదు అంటారు మనవాళ్ళు. బైబిల్లోనే ఉంది కదా మరి!

ఆ రాత్రి దేవదూత పౌలుతో చెప్పింది జాగ్రత్తగా చూడండి. భయపడకు, నువ్వు కైసరు ముందు నిలబడాలి, నీతో ఉన్నవాళ్ళందరినీ దేవుడు నీకిచ్చాడు. పౌలు ఈ మాట అందరికీ చెప్తూ, ఓడ మాత్రం పోతుంది అన్నాడు. తుఫాను ఎప్పుడు ఆగుతుందో ఎక్కడా లేదు.

14వ రాత్రి. నేల దగ్గరవుతోందని అనుమానమొచ్చి లోతు చూశారు. 20 బారలు. ఇంకాస్త ముందుకెళ్తే 15. బార అంటే రెండు చేతులూ చాచినంత, సుమారు 6 అడుగులు. రాళ్ళకి తగులుతామేమో అని వెనకనుంచి 4 లంగర్లు వేసి, ఎప్పుడు తెల్లారుతుందా అని చూస్తూ కూర్చున్నారు. ఈలోగా ఓడవాళ్ళు చిన్న పడవ దించుకుని పారిపోబోయారు. పౌలు శతాధిపతికి చెప్పేశాడు, వీళ్ళు ఓడలో లేకపోతే మీరెవరూ బతకరని. సైనికులు పడవ తాళ్ళు కోసేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అందరూ బతుకుతారని దేవుడు మాటిచ్చాడు. పౌలు నమ్మాడు. అయినా ఓడ నడపడం వచ్చినవాళ్ళు కావాల్సిందే అన్నాడు! మాత్రలు మానేస్తేనే విశ్వాసం అని మీకెవరైనా చెప్తే ఈ వచనం చూపించండి. దయచేసి మందులు మానకండి.

తెల్లవారుతుండగా పౌలు, 14 రోజులుగా ఏమీ తినలేదు, కాస్త తినండి అన్నాడు. రొట్టె తీసుకుని, అందరి ముందు దేవునికి కృతజ్ఞతలు చెప్పి, విరిచి తిన్నాడు. ఇంకా ఎవరూ ఒడ్డు చేరలేదు. ఆ హాస్పిటల్ కారిడార్‌లో మా పిన్ని కూడా ఇడ్లీ పొట్లం విప్పి, ప్రార్థన చేసి, నా చేతిలో పెట్టింది. ఇప్పుడు తిండేంటి పిన్నీ అని అరిచాను. ఆవిడ ఏమీ అనలేదు. చట్నీ పొట్లం కూడా విప్పి పక్కన పెట్టింది.

చివరికి ఓడ ఇసుకలో దిగబడింది, వెనకభాగం అలలకి పగిలిపోయింది. ఈత వచ్చినవాళ్ళు దూకారు, రానివాళ్ళు పలకలు, ఓడ ముక్కలు పట్టుకుని ఒడ్డుకి చేరారు. 276 మందీ.

మరి మీ నాన్న సంగతేంటి అంటారా? దూత చెప్పింది ఆ ఓడ గురించి, ప్రతి ఓడ గురించి కాదు. పౌలే రెండో కొరింథీ పత్రిక 11వ అధ్యాయంలో, తన ఓడ 3 సార్లు పగిలిందని, ఒక రాత్రి, ఒక పగలు సముద్రంలోనే గడిపానని రాశాడు. అది ఈ ప్రయాణానికి ముందు మాట. అప్పుడు దూత వచ్చాడా, ఎంతమంది బతికారు, ఏమీ రాయలేదు. అయినా మళ్ళీ ఓడెక్కినవాడు దేవుణ్ణి నమ్మే ఎక్కాడు.

నా డౌట్ మొత్తం తీరిందని చెప్పను. కానీ విశ్వాసం తక్కువై నాన్న పోయారన్న మాట మాత్రం పక్కన పెట్టేశాను. ఆ ఓడలో దేవుణ్ణి నమ్ముతున్నానని పైకి చెప్పింది పౌలు ఒక్కడే. బతికింది మాత్రం అందరూ.

ఒడ్డుకొచ్చాక చలికి మంట వేసుకుంటుంటే పౌలు చేతిని పాము పట్టుకుంది. ఆ మెలితే ద్వీపం కథ వచ్చే ఎపిసోడ్‌లో. ఈలోగా 28వ అధ్యాయం ఒకసారి చదివేసి రండి.