ధర రాయని హోటల్‌కు గిరాకీ లెక్క

కొత్త రకం హోటల్ పెట్టదలచినవారిని మొదట వేధించే ప్రశ్న జనం వస్తారా, రారా అన్నదే అయినా, తిన్నవారు తమకు తోచినంత ఇచ్చి వెళ్లే పద్ధతిలో నడిచే హోటల్ విషయంలో ఆ ప్రశ్నకు పెద్ద విలువ లేదు. ధరల పట్టిక లేని చోటికి జనం తప్పకుండా వస్తారు. వచ్చేవారు ఎవరు, వారిలో సరిపడా ఇచ్చేవారు ఎంతమంది, కొత్త మోజు తీరిన తరువాత కూడా వారు అలాగే ఇస్తారా అన్నవే తేల్చుకోవలసిన సంగతులు. చూడడానికి వింతగా ఉన్నా ఈ పద్ధతిని పలు దేశాల్లో నిజంగానే నడిపి చూశారు గనుక, ఆ అనుభవాల నుంచే లెక్క తీయడం సాధ్యమవుతుంది.

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 2005లో మొదలైన డెర్ వీనర్ దీవాన్ అనే పాకిస్తానీ భోజనశాల వీటిలో ముందుగా చెప్పుకోదగినది. విద్యార్థులు విరివిగా తిరిగే విశ్వవిద్యాలయ ప్రాంతానికి దగ్గరలో ఉన్న ఈ హోటల్‌లో అన్నం, పప్పు, కూరలు బఫే పద్ధతిలో, అంటే ఎవరికి కావలసినది వారే వడ్డించుకునేటట్లు, వరుసగా పెట్టి ఉంచుతారు. భోజనానికి ఇష్టం వచ్చినంత ఇవ్వవచ్చు గానీ పానీయాలకు మాత్రం ధర ఉంటుంది. గెర్హార్డ్ రీనర్, క్రిస్టియన్ ట్రాక్స్‌లర్ అనే ఆర్థికవేత్తలు ఇక్కడి రెండేళ్ల చెల్లింపులను పరిశీలించగా, ఒక్కొక్కరు ఇచ్చే సగటు సొమ్ము కొంత తగ్గినా సున్నా వైపు జారిపోలేదనీ, వచ్చేవారి సంఖ్య పెరగడంతో మొత్తం రాబడి పెరిగిందనీ తేలింది.

సగటు తగ్గుతుంటే రాబడి పెరగడం ఎలాగో తెలియాలంటే హోటల్ ఖర్చులను రెండుగా విడదీసి చూడాలి. అద్దె, జీతాల వంటివి స్థిర ఖర్చులు, అంటే ఒక్కరు తిన్నా వందమంది తిన్నా మారనివి. బియ్యం, నూనె, కూరగాయల వంటివి తినేవారి సంఖ్యను బట్టి పెరిగేవి. ఉదాహరణకు ఒక హోటల్‌కు రోజువారీ స్థిర ఖర్చు 12,000 రూపాయలు, భోజనానికి సరుకుల ఖర్చు 60 రూపాయలు అనుకుంటే, 200 మంది సగటున 125 రూపాయల చొప్పున ఇచ్చినప్పుడు మిగిలేది 1,000 రూపాయలే. సగటు 105కు పడిపోయినా తినేవారు 300 మంది అయితే 1,500 మిగులుతుంది. అయితే ఈ లెక్కంతా ఖాళీ కుర్చీల మీద ఆధారపడి ఉంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా నిలబడి ఎదురుచూసే జనంతో నిండిపోయే మెస్‌లో ఇదే పద్ధతి పెడితే, తక్కువ ఇచ్చే కొత్తవాడు కూర్చునేది పూర్తిగా ఇచ్చే పాతవాడి కుర్చీలోనే గనుక, రాబడి పెరిగే దారి ఉండదు. ఈ ఒక్క విషయం గమనించక ఔదార్యం మీద, మానవ స్వభావం మీద ఎంత వాదించుకున్నా ఫలితం శూన్యం.

వియన్నాలో కుదిరినది అమెరికాలో కుదరలేదు. పనేరా బ్రెడ్ అనే పెద్ద సంస్థ, దాని అధినేత రాన్ షైక్ చొరవతో, 2010లో సెయింట్ లూయిస్ శివారు క్లేటన్‌లో ‘పనేరా కేర్స్’ పేరుతో ధర కోసం పట్టుబట్టని కేఫ్ తెరిచి, తరువాత డియర్‌బోర్న్, పోర్ట్‌లాండ్, షికాగో, బోస్టన్‌లకు విస్తరించింది. అక్కడ సూచిత ధర, అంటే ఇంత ఇస్తే బాగుంటుందని సంస్థ చెప్పే మొత్తం, కనిపించేటట్లు రాసి ఉండేది. నూటికి అరవై మంది ఆ మొత్తం, ఇరవై మంది అంతకు మించి, మిగిలిన ఇరవై మంది తక్కువ ఇస్తున్నారని షైక్ స్థూలంగా చెప్పేవారు. ఊరు మారితే ఈ నిష్పత్తి మారింది. పోర్ట్‌లాండ్‌లో బడిపిల్లలు గుంపులుగా వచ్చి ఇవ్వకుండా తిని వెళ్లడం, నిలువ నీడలేనివారు ప్రతి పూటా అక్కడికే రావడంతో ఖర్చులో అరవై, డెబ్భై శాతమే తిరిగి వచ్చిందనీ, వారానికి కొన్ని పూటలే అని హద్దు పెట్టవలసి వచ్చిందనీ వార్తలు వెలువడ్డాయి. 2019 నాటికి ఐదూ మూతపడ్డాయి. ఆకలితో ఉన్నవారు రావడం తప్పు కాదు, వారి కోసమే తెరిచిన కేఫ్ అది. వారి వాటా భరించగల ఇతరులు అదే బల్లల దగ్గర తగినంతమంది లేకపోవడమే లోటు.

సొమ్ము ఎక్కడికి పోతుందో తెలిసినప్పుడు ఇచ్చేవారి తీరు మారుతుందని, 2010లో ఆయెలెట్ నీజీ బృందం ఒక వినోద పార్కులో లక్షమందికి పైగా సందర్శకులతో జరిపిన ప్రయోగం చూపింది. 12.95 డాలర్ల ధర ఉన్న ఫొటోను ఇష్టం వచ్చినంతకు అమ్మినప్పుడు సగటున 92 సెంట్లే వచ్చాయి. అందులో సగం దానధర్మానికి పోతుందని చెప్పగానే సగటు 5.33 డాలర్లకు పెరిగింది, కానీ కొనేవారు దాదాపు సగానికి తగ్గారు. నామమాత్రంగా ఇచ్చి మనసులో చిన్నబోవడం కంటే కొనకుండా వెళ్లడమే మేలని చాలామందికి తోచి ఉంటుంది. గిరాకీని తగ్గించి రాబడిని పెంచే ఈ ఉపాయం, నిండిన మెస్‌కు కూడా పనికి రావచ్చు.

ఇవ్వడం నలుగురి కంట పడితే జనం ఎక్కువ ఇస్తారన్న నమ్మకం తెలుగువారికి సహజమైనది; పెళ్లి పందిరిలో చదివింపులు పేరూ మొత్తమూ పలికి పుస్తకంలో రాస్తారు గనుక ఎవరూ మరీ తక్కువకు దిగరు. నీజీ బృందమే వియన్నాలోని దీవాన్‌లో పరీక్షించి 2012లో ప్రకటించిన ఫలితం దీనికి విరుద్ధంగా ఉంది: ఎవరికీ తెలియకుండా చెల్లించినవారే ఎక్కువ ఇచ్చారు. చదివింపులను తిరిగి తీర్చే బంధుత్వం ఉంటుంది, హోటల్‌లో తిన్నవాడికి మాత్రం తన మర్యాదకు తానే సాక్షి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇటువంటిది పెట్టదలచినవారు పరిచయస్థులను అడిగి తేల్చుకోవడం వృథా. బాగుందనే అంటారు, ఎంత ఇస్తారో చెప్పలేరు. ఐదు రూపాయల భోజనం ప్రభుత్వ క్యాంటీన్లలో దొరికే నగరంలో నిరుపేదల తాకిడి పోర్ట్‌లాండ్ అంత ఉండకపోవచ్చు. కుర్చీలు ఖాళీగా ఉండే మూడు నుంచి ఆరు గంటల మధ్య, టిఫిన్లకు మాత్రమే మూడు నెలలు నడిపి, మొదటి వారాలను పక్కన పెట్టి చివరి వారాల సగటును చూడడం చవకైన పరీక్ష. దానికి ముందు చూసుకోవలసినది గల్లా దగ్గరి స్పీకర్ పెట్టె. ఫోన్ ద్వారా వచ్చిన ప్రతి మొత్తాన్నీ హాలంతా వినబడేటట్లు ప్రకటించే ఆ పెట్టె ఉన్నచోట గుట్టుగా ఇవ్వడం అసాధ్యం గనుక, కొన్ని వారాలు దాన్ని మోగనిచ్చి, మరికొన్ని వారాలు ఆపి, రెండు సగటులనూ పోల్చాలి.