సీసాపై పేరు కనిపించకపోతే వైన్ రుచి మారుతుందా?

1976 మే 24న పారిస్‌లోని ఒక హోటల్లో తొమ్మిది మంది ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలు ఒకదాని తర్వాత ఒకటిగా వైన్ గ్లాసులు అందుకొని మార్కులు వేశారు. వారంతా ఆ దేశంలో ఈ రంగంలో పేరుపొందినవారే. బ్రిటన్‌కు చెందిన వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ ఏర్పాటు చేసిన ఆ పరీక్షలో ఫ్రాన్స్ వైన్లతో పాటు కాలిఫోర్నియా వైన్లు కూడా ఉన్నాయి. ఏ గ్లాసులో ఏది పోశారో వారికి చెప్పలేదు.

తెల్ల వైన్లలో షాటో మాంటెలీనా, ఎర్ర వైన్లలో స్టాగ్స్ లీప్ మొదటి స్థానంలో నిలిచాయి. రెండూ 1973 నాటి కాలిఫోర్నియా వైన్లే. కాలిఫోర్నియా వైన్‌ను చప్పరించిన ఒక న్యాయనిర్ణేత అది ఫ్రాన్స్‌దేనని మురిసిపోయారని, ఆ పరీక్షకు హాజరైన ఏకైక విలేఖరి, 'టైమ్' పత్రికకు చెందిన జార్జ్ టేబర్ రాశారు.

అప్పటి నుంచి ఒక ప్రశ్న ఈ రంగాన్ని వెంటాడుతూనే ఉంది. నిపుణులు రుచి చూస్తున్నది వైన్‌నా, దాని పేరునా?

ముందుగా వారు చేసే పనేమిటో చూడాలి. గ్లాసును తెల్లని కాగితం ముందు వంచి రంగు గమనిస్తారు. వయసు పెరిగేకొద్దీ తెల్ల వైన్ ముదురు రంగుకు, ఎర్ర వైన్ ఇటుక ఛాయకు మారుతుంది. తర్వాత గ్లాసును గుండ్రంగా తిప్పి వాసన చూస్తారు. చివరగా ఒక గుక్క తీసుకొని, దానితో పాటు కొంత గాలిని కూడా చప్పుడు చేస్తూ లోపలికి పీలుస్తారు. భోజనాల బల్ల దగ్గర ఇది మర్యాద కాదు కానీ, ఇక్కడ తప్పనిసరి. నాలుక గుర్తించేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామీ వంటి కొన్ని రుచులనే. మిగిలినదంతా గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే వాసన. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా అనిపించడానికి కారణం ఇదే.

ఎర్ర వైన్‌లో తెలుగువారికి వెంటనే అర్థమయ్యే గుణం ఒకటుంది. అది వగరు. ద్రాక్ష తొక్కలు, గింజల నుంచి వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లతో కలిసిపోవడంతో నోరు పొడిబారినట్లు, నాలుక బిగుసుకున్నట్లు అనిపిస్తుంది. పచ్చి అరటికాయ కొరికినా, నేరేడు పండ్లు ఎక్కువగా తిన్నా కలిగే అనుభూతి అదే. ఉగాది పచ్చడిలో దానికి రుచుల వరుసలోనే చోటు ఉన్నప్పటికీ, శాస్త్రవేత్తలలో చాలామంది దీన్ని రుచిగా కాక స్పర్శగా పరిగణిస్తారు.

నిపుణులు వైన్‌లో మిరియాల వాసన, క్యాప్సికం వాసన ఉందంటే చాలామంది నవ్వుకుంటారు. అయితే ఇదంతా కల్పన కాదు. షిరాజ్ రకం వైన్‌లో మిరియాల ఘాటుకు కారణమైన రోటండోన్ అనే పదార్థమే మిరియాలలోనూ ఉంటుంది. సోవిన్యాన్ బ్లాంక్‌లోని పచ్చి వాసనకు కారణమైన పైరజీన్లు క్యాప్సికంలోనూ ఉంటాయి. ఓక్ పీపాలో నిల్వ ఉంచిన వైన్‌కు వెనిలా పరిమళం ఆ చెక్క నుంచే వస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆన్ నోబుల్ 1980వ దశకంలో ఇలాంటి వాసనలను ఒక చక్రం రూపంలో అమర్చి, అందరూ ఒకే మాట వాడేలా చూశారు. లేబుళ్లపై కనిపించే మిగతా వర్ణనల్లో చాలావరకు అలంకారమే.

రెస్టారెంట్లలో మొదట కొద్దిగా పోసి ఇవ్వడం వెనుక ఉద్దేశం కూడా వేరు. నచ్చిందా లేదా అని అడగడం కాదు, చెడిపోయిందేమో చూడమనడం. బెరడు మూత పాడైతే తడిసిన అట్టముక్క వాసన వస్తుంది.

ఇక అనుమానాలు బలపడింది ప్రయోగాలతో. 2001లో ప్రచురితమైన ఒక ఫ్రెంచ్ అధ్యయనంలో వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్‌ను 54 మంది వైన్ శాస్త్ర విద్యార్థులకు ఇచ్చారు. వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. 2008 నాటి మరో అధ్యయనంలో ఒకే వైన్‌కు ఎక్కువ ధర చెప్పినప్పుడు అది బాగుందన్నారు. అంతేకాదు, మెదడులో ఆనందానుభూతికి సంబంధించిన భాగం కూడా ఎక్కువగా స్పందించింది. అంటే వారు అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఎక్కువ ఆస్వాదించారు.

కాలిఫోర్నియాలోని ఒక పోటీలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత ఆచార్యుడు జరిపిన పరిశీలన మరింత ఇబ్బందికరం. ఒకే సీసాలోని వైన్‌ను న్యాయనిర్ణేతలకు తెలియకుండా మూడుసార్లు ఇస్తే, నిలకడగా మార్కులు వేసినవారు పది శాతం మాత్రమే.

అలాగని ఈ విద్య మొత్తం బూటకమనడం తొందరపాటే. 'మాస్టర్ ఆఫ్ వైన్' పరీక్షలో అభ్యర్థులు పేరు తెలియని 36 వైన్లను రుచి చూసి రకం, ప్రాంతం, నాణ్యతలను కారణాలతో సహా వివరించాలి. 2016లో సోనాల్ హాలండ్ ఈ అర్హత సాధించిన తొలి భారతీయురాలయ్యారు. గుర్తించడం, మార్కులు వేయడం వేర్వేరు నైపుణ్యాలు. మొదటిది సాధనతో వస్తుంది. రెండోది ఆ రోజు మనసును బట్టి ఊగిసలాడుతుంది.

ఈ తేడా భారత్‌కు ముఖ్యం. నాసిక్ చుట్టుపక్కల వైన్ ద్రాక్ష పండించే రైతులకు గిట్టుబాటు ధర దక్కాలంటే, విదేశీ లేబుల్ చూడగానే కలిగే గౌరవాన్ని వారి పంట దాటాలి. ఉష్ణ ప్రాంతం కావడంతో ఇక్కడ తీగకు చలికాలపు నిద్ర ఉండదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, వానలు దాటాక, జనవరి నుంచి మార్చి మధ్య కోత కోస్తారు. ఒకప్పుడు హైదరాబాద్ తోటలకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ ఇందుకు భిన్నమైనది. రసం నిండిన ఆ పెద్ద పండు తినడానికే. వైన్‌కు చిన్న కాయలు, మందమైన తొక్కలు ఉన్న రకాలను ఎంచుకుంటారు.

ఏ మోతాదులోనూ మద్యం సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. వృత్తి నిపుణులు ప్రతి గుక్కనూ ఉమ్మేస్తారు.

పరీక్షకు వైన్ ఉండి తీరాలన్న నియమమూ లేదు. అరకు కాఫీ, తేనె, నెయ్యి ఏదైనా సరిపోతుంది. రెండు రకాలు తీసుకొని, మూడు ఒకేలాంటి పాత్రల్లో రెండింటిలో ఒక రకం, మూడోదానిలో మరో రకం మరొకరి చేత పోయించాలి. వేరుగా ఉన్నది ఏదో కనిపెట్టాలి. గుడ్డిగా ఊహించినా మూడింట ఒక వంతు సార్లు సరిపోతుంది కనుక, ఒక్కసారి సరిగ్గా చెప్పినంత మాత్రాన లెక్కలోకి రాదు. పాత్రల స్థానాలు మారుస్తూ పదిసార్లయినా చేయాలి.