దెయ్యానికి పెళ్ళిచూపులు

శీర్షిక చూసి నవ్వుకొనే మిత్రులకు ముందుగా ఒక మనవి. ఇది హాస్యవ్యాసం కాదు. అలాగని మీరు నవ్వితే నాకు కోపమూ లేదు. భయానక చిత్రాలను ప్రేమకథలుగా, అందులోనూ ఇంగ్లండులో రీజెన్సీ కాలం అని పిలిచే రోజుల నాటి ప్రేమకథలుగా తిరగరాస్తే ఏమవుతుందన్నది విషయం. హాస్టల్లో కరెంటు పోయిన ఒక రాత్రి నిద్రపట్టక నలుగురం మొదలుపెట్టిన ఆట ఇది. ఒకడు ఒక దెయ్యం సినిమా పేరు చెప్పాలి. ఇంకొకడు దాన్ని పెళ్ళితో ముగించాలి. అంతే నియమం. ఆడుతూ పోయేసరికి అది ఆటగా మిగల్లేదు. ఎందుకు మిగల్లేదో చివర్లో చెబుతాను.

ఇంతకీ రీజెన్సీ అంటే

1811లో ఇంగ్లండు రాజు మూడో జార్జికి మతి చలించడంతో, ఆయన కొడుకు తండ్రి పేరు మీద రాజ్యం చెయ్యడం మొదలుపెట్టాడు. 1820లో ముసలిరాజు చనిపోయేదాకా అదే ఏర్పాటు. ఆ తొమ్మిదేళ్ళే రీజెన్సీ. జేన్ ఆస్టిన్ నవలలు అచ్చయింది అప్పుడే. 1813లో వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' మనలో చాలామంది పాఠ్యపుస్తకంగానైనా చూసిందే. ఇటు మన వైపు చూస్తే, 1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు సీమ కుంపిణీ చేతికి వచ్చి అప్పటికి పదేళ్ళు. బ్రౌన్ దొర మద్రాసులో ఓడ దిగింది 1817లో. కాబట్టి ఆ కాలం మనకు మరీ పరాయిదేమీ కాదు.

ఆస్టిన్ కథల్లో ఏముంటుంది? ఒక చిన్న ఊరు, నాలుగు పెద్ద ఇళ్ళు, పెళ్ళీడుకొచ్చిన ఆడపిల్లలు, వాళ్ళ తల్లుల ఆదుర్దా, ఎవరికెంత రాబడి అన్న ఆరా. ఇల్లూ పొలమూ కూతుళ్ళకు రాకుండా దూరపు జ్ఞాతి ఎవడికో పోతుందన్న దిగులు. పదిమందీ కలిసే నాట్యాలు, చేతులు మారే ఉత్తరాలు, చెవులు కొరుక్కోవడాలు. ఆ నాట్యసభ తీసేసి రంగనాయకుల తేరు పెట్టండి, ఇది నెల్లూరు కథ కాదని ఎవరంటారు?

ఒకే ఇంటి బిడ్డలు

ప్రేమకథా భయకథా ఉప్పూ నిప్పూ అనుకొంటాం. చరిత్ర చూస్తే రెండూ ఒకే ఇంట్లో పుట్టిన బిడ్డలు. 1816 వేసవిలో జెనీవా సరస్సు పక్కన ఒక మేడలో కవి బైరన్, కవి షెల్లీ, కాబోయే మేరీ షెల్లీ, బైరన్ వైద్యుడు పాలిడోరీ చేరారు. అంతకుముందు ఏడాది తూర్పుదీవుల్లో తంబోరా అగ్నిపర్వతం పేలిన ఫలితంగా ఐరోపాలో ఎండ మొహం కనపడని వేసవి అది. బయట వాన, లోపల పొద్దుపోని కుర్రకారు. తలా ఒక దెయ్యం కథ రాద్దామన్నాడు బైరన్. అలా మొదలైన 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818 జనవరి ఒకటిన అచ్చయింది. రాయడం మొదలుపెట్టేనాటికి మేరీ వయసు పద్దెనిమిది. మన డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయి వయసన్నమాట! పాలిడోరీ రాసిన 'వాంపైర్' 1819లో వచ్చింది. సమాధుల్లో దొర్లే పల్లెటూరి పిశాచానికి కోటు తొడిగి, ప్రభువును చేసి, లండన్ దివాన్‌ఖానాల్లోకి తీసుకెళ్ళింది ఆ కథే.

అంటే, భయానక చిత్రాలను రీజెన్సీ కాలానికి తీసుకుపోవడం కొత్త వేషం వెయ్యడం కాదు, పుట్టింటికి పంపడం. సినిమావాళ్ళకు ఇది తెలుసు. జేమ్స్ వేల్ తీసిన 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' (1935) మొదలయ్యేదే ఆ ముగ్గురితో: ఉరుములు, మెరుపులు, బైరన్, షెల్లీ, మేరీ. తిరుగుదారిలో నడిచినవాళ్ళూ ఉన్నారు. 2009లో సేథ్ గ్రాహమ్ స్మిత్ అనే ఆయన ఆస్టిన్ నవలలోకి నడిచే శవాలను దించి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ అండ్ జాంబీస్' రాస్తే, 2016లో అది సినిమా కూడా అయింది.

చాకలి పద్దు

'ఫ్రాంకెన్‌స్టైన్' వచ్చిన రోజుల్లోనే, 1817 డిసెంబరు చివర, ఆస్టిన్ నవల 'నార్తాంగర్ ఆబీ' వెలువడింది. అప్పటికి ఆమె చనిపోయి అయిదు నెలలు. ఇందులో కథానాయిక కేథరిన్ దెయ్యాల నవలలు తెగ చదివిన పిల్ల. ఒక పాతకాలపు పెద్ద ఇంటికి చుట్టంగా వెళుతుంది. అర్ధరాత్రి గాలివానలో బీరువా తెరిస్తే కాగితాల చుట్ట ఒకటి దొరుకుతుంది. ఇంతలో దీపం ఆరిపోతుంది. రాత్రంతా వణికి, తెల్లారి చూస్తే అది చాకలి పద్దు!

నవ్వొస్తుంది. కాని ఆస్టిన్ అక్కడ ఆగలేదు. ఆ ఇంటి యజమాని భార్యను చంపి ఉంటాడని కేథరిన్ అనుమానపడుతుంది. ఆయన ఎవర్నీ చంపలేదు. ఈ పిల్లకు ఆస్తి ఉందనుకొని మర్యాద చేసినవాడు, లేదని తెలియగానే తోడైనా ఇవ్వకుండా ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. దెయ్యం అబద్ధం; డబ్బు నిజం. మన గురజాడ చేసిందీ ఇదే. 'కన్యాశుల్కం'లో గవరయ్య దెయ్యాన్ని సీసాలో బంధిస్తానంటాడు. ఆ గొడవకంతా మూలం పిల్లను డబ్బుకు అమ్మే పెళ్ళి. 'వో కౌన్ థీ' (1964) ఆధారంగా తెలుగులో తీసిన 'ఆమె ఎవరు?' (1966)లో కూడా తెల్లచీర దెయ్యం వెనక ఉన్నది ఆస్తి కోసం పన్నిన కుట్రే.

అడిగినవాడూ, అడగనివాడూ

ఇక మా ఆట సంగతి. మొదట డ్రాక్యులా వంతు. 1931లో టాడ్ బ్రౌనింగ్ తీసిన చిత్రంలో బేలా లుగోసీ ఎంత మర్యాదస్తుడు! సంపన్నుడు, ప్రభువు, బ్రహ్మచారి. ఊరి చివర పాడుబడ్డ మేడ కొనుక్కొని దిగాడు. నాటకశాలలో ఆడపిల్లలకు పరిచయమయ్యాడు. ఇంతవరకు ఇది అచ్చంగా ఆస్టిన్ నవల మొదటి ప్రకరణమే. పెళ్ళి కావలసిన డబ్బున్నవాడు ఊళ్ళోకి దిగితే ఆడపిల్లల తల్లులకు నిద్రపట్టదు కదా! మరి తేడా ఎక్కడొచ్చింది? మా గదిలో వాదనలు తెల్లారేదాకా సాగాయి. కోరలని ఒకడు, రాత్రని ఒకడు, రక్తమని ఒకడు. చివరికి తేలింది ఇది: డార్సీ అడిగాడు, డ్రాక్యులా అడగలేదు.

డార్సీ కూడా మొదట పొగరుగానే అడిగాడు. కాదనదన్న ధీమాతో అడిగాడు. ఎలిజబెత్ కాదంది. అతను బయటికి నడిచాడు, మర్నాడు ఉత్తరం ఇచ్చాడు, మళ్ళీ అడగడానికి ఎన్నో నెలలు ఆగాడు. అదీ ప్రేమకథ. అంతకుముందు కాలిన్స్ అనే మతగురువు ఆమెనే అడిగి, 'వద్దు' అంటే 'సిగ్గుపడి అంటున్నావు' అని మళ్ళీ మొదలుపెట్టాడు. పుస్తకంలో ఆ ఘట్టం చదివి పడి పడి నవ్వుతాం. కాని ఇంటి తాళంచెవి కాలిన్స్ చేతిలో ఉందనుకోండి, అదే ఘట్టం భయానక చిత్రం కాదూ?

ఈ కొలబద్దతో 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' మళ్ళీ చూశాను. తనకొక తోడు కావాలంటాడు ఆ వికృతజీవి. పాపం, అడగడం తప్పు కాదు. శాస్త్రజ్ఞులు ఇద్దరు కూడి ఒక పెళ్ళికూతుర్ని తయారుచేసి నిలబెడతారు. ఆమె కళ్ళు తెరిచి, వరుణ్ణి చూసి కెవ్వుమంటుంది. పెళ్ళిచూపులంటే అవీ! కుదిర్చినవాళ్ళు, ఖర్చు పెట్టినవాళ్ళు, ఎదురుచూసినవాడు అందరూ ఉన్నారు. ఆ పిల్లనొక్కదాన్నే ఎవరూ అడగలేదు. ఆ కేకే ఆమె జవాబు. దాన్ని మనం ఇన్నేళ్ళూ భయం కింద జమకట్టాం.

చంద్రముఖి నెల్లూరు వచ్చింది

పరాయి కథను మనూరికి తెచ్చుకోవడంలో మనకు పెద్దల దారి ఉంది. గోల్డ్‌స్మిత్ నవల ఆధారంగా వీరేశలింగం గారు 1878లో 'రాజశేఖర చరిత్రము' రాసి, కథను ధవళేశ్వరంలో కాపురం పెట్టించారు. ఆ ధైర్యంతోనే నేను 'చంద్రముఖి' (2005)ని ఎన్నుకొన్నాను. దీని మూలం మలయాళంలో 1993లో ఫాజిల్ తీసిన 'మణిచిత్రత్తాళ్'. తమిళంలో తీసినా 'చంద్రముఖి'లో నర్తకి మన విజయనగరం పిల్ల. ఆమె ఆడే పాట తమిళ చిత్రంలో కూడా తెలుగులోనే వినిపిస్తుంది. ఎదురింటి నర్తకుణ్ణి ప్రేమించింది. రాజు వాడి తల నరికించి ఆమెను సజీవంగా తగలబెట్టించాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ మేడకు వచ్చిన కోడలు తాళం వేసిన గది తెరిచింది.

నా కథలో సంవత్సరం 1813. రాజుకు బదులు పెన్న గట్టున ఒక జమీందారు. విజయనగరం నుంచి మేనాలో చంద్రముఖి వచ్చింది. ఊరంతా గుసగుసలు. జమీందారు తన సంగతి చెప్పుకొన్నాడు. ఆమె 'నా మనసు ఎదురింట్లో ఉంది' అంది. అతనికి ఒళ్ళు మండింది. మూడు రోజులు అన్నం మానేశాడు. తల్లి తిట్టింది. నాలుగో రోజు ఒక ఉత్తరం రాశాడు, అయిదో రోజు మేనా సిద్ధం చేయించాడు. అంతే కథ.

'ఇంక సినిమా ఏముందిరా?' అన్నాడు మా గది మిత్రుడు. నిజమే, సినిమా లేదు. తాళం వెయ్యవలసిన గదే లేదు కాబట్టి, తర్వాత వచ్చే కోడలికి తెరవవలసిన తలుపూ లేదు. ఒక్కడు ఒక్కసారి 'వద్దు' అన్న మాట చెవిన పెడితే, ఒక వంశానికి దెయ్యం తప్పిపోయింది.

ఇక్కడొక హెచ్చరిక. దెయ్యానికి పూలమాల వేసినంత మాత్రాన ప్రేమకథ కాదు. వెంటపడటాన్నీ, బెదిరించడాన్నీ ప్రేమ అని పిలిచే చిత్రాలు మనకు కరువు లేవు. అవి ప్రేమకథ పేరు పెట్టుకొన్న భయానక చిత్రాలు. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' అని పేరు పెట్టి దెయ్యాన్ని చూపించినవాళ్ళు నవ్వించడానికి చూపించారు. ఆ మిగతావాళ్ళు చెప్పకుండా చూపిస్తున్నారు.

ఆట ఎందుకు ఆగిపోయిందంటే

మాది కోవూరు. పెన్నకు ఉత్తరపు గట్టున మేము, దక్షిణపు గట్టున నెల్లూరు, నడుమ వంతెన. మా నాయన చెల్లెలు, అంటే మా అత్త, పదో తరగతి అయ్యాక వంతెన దాటి నెల్లూరులో చదువుతానంది. ఇంట్లో సంబంధం చూశారు. రెండో పెళ్ళివాడు, పొలం ఉన్నవాడు. కొన్నాళ్ళకు అత్త అన్నం మానేసింది. సందెవేళ ఏటి ఇసకలోకి పోయి కూచునేది. ఒక రాత్రి జుట్టు విరబోసుకొని, మగగొంతుతో 'ఈ పిల్లని నేను పోనీను' అని అరిచిందట. గాలి సోకిందన్నారు. భూతవైద్యుడొకడు వచ్చి వేపమండలతో కొట్టాడు. మగపెళ్ళివారికి సంగతి తెలిసి సంబంధం వదులుకొన్నారు. తర్వాత ఇంకో సంబంధం రాలేదు, చదువూ సాగలేదు. ఈనాటికీ మా ఇంట్లోనే కుట్టుమిషను తొక్కుతూ ఉంది.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఆమెకు నా జమీందారు కథ చదివి వినిపించాను. మిషను ఆపి విన్నది. అయ్యాక అంది:

'ఒరే అబ్బయా, ఆ దొర అడిగినాడు గదా, అదే చాలు. నన్ను ఎవురూ అడగలా. నేను వొద్దంటే ఎవురింటారు? దెయ్యం వొద్దంటే అందరూ విన్యారు.'

నాకు మాట రాలేదు. చిన్నప్పుడు ఆమె గదిలోకి పోవడానికి భయపడ్డవాణ్ణి నేనే. మనసు నిజంగా చెదిరినవాళ్ళు ఉంటారు. వాళ్ళకు వైద్యం కావాలి, వేపమండలు కాదు. కాని మా అత్తకు కావలసింది వైద్యుడు కూడా కాదు. ఒక్క ప్రశ్న. అది మా ఇంట్లో ఎవరూ వెయ్యలేదు. చిన్నవాణ్ణయినా, ఊహ తెలిశాక నేనూ వెయ్యలేదు.

ఈ సంచిక చదివే మిత్రులలో చాలామందికి నాలుగేళ్ళలో పెళ్ళిచూపులు జరుగుతాయి. కొందరు చూడ్డానికి పోతారు, కొందరు కాఫీ పళ్ళెం పట్టుకొని వస్తారు. మీ ఇంట్లో అక్కో చెల్లెలో ఉంటే ఆమె పెళ్ళిచూపులకు ముందురోజే గదిలోకి వెళ్ళి అడగండి. ఆమె 'వద్దు' అంటే, అది ఆమె గొంతుతో అన్నప్పుడే వినండి.