‘మా తీరు’ మాట్లాడే లోయ

1873లో ఇటలీ దేశపు ఈశాన్యమూల, ఆల్ప్సు కొండల నడుమ ఉన్న ఒక ఇరుకులోయకు ఒక యువకుడు వచ్చాడు. పన్నులు వేయడానికి కాదు, పొలాలు కొలవడానికీ కాదు. ఆ లోయవాళ్ళు నోరు తెరిస్తే పలికే అచ్చులు ఎలా ఉంటాయో చెవులారా వినడానికి! అతని వయస్సు 28. పేరు యాన్ బొదువెన్ ద కుర్తెనే. పేరు వింటే ఫ్రెంచివాడనిపిస్తుంది గాని మనిషి పోలండువాడు. అప్పట్లో పోలండులో ఆ భాగం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది కనుక రష్యా విశ్వవిద్యాలయాలలో పనిచేశాడు. తులనాత్మక వ్యాకరణంతోపాటు సంస్కృతం కూడా చెప్పాడు. భాషాశాస్త్రం చదివిన వాళ్ళకు ‘వర్ణం’ అంటే ఏమిటో తెలుసు. నోటి నుంచి వచ్చే ధ్వని వేరు, మనసులో నిలిచే వర్ణం వేరు అని మొట్టమొదట తేల్చిచెప్పిన కొద్దిమందిలో ఈయన ఒకడు.

అంతటివాడు వెతుక్కుంటూ వచ్చిన ఆ లోయ పేరు రెసియా. అక్కడివాళ్ళు రెజియా అంటారు. ఇవాళ అక్కడ ఉన్న జనం మొత్తం వెయ్యికి అటూ ఇటూ. మన పెద్ద కళాశాలలో ఒక తరగతి సంవత్సరానికి చేరే విద్యార్థులకన్న తక్కువేనేమో! ఆ వెయ్యిమంది నోట ఉన్న మాటకు ఏం పేరు పెట్టాలన్న తగాదా మాత్రం నూట ఏభై ఏళ్ళుగా నడుస్తూనే ఉన్నది.

లోయ ఎలాంటిదో ముందు చెబుతాను. తూర్పున కనిన్ పర్వతం, రెండువేల అయిదువందల మీటర్లకు పైన లేచి నిలబడి ఉంటుంది. దాని శిఖరాల మీదుగానే ఇటలీకి, స్లొవీనియాకు మధ్య సరిహద్దు. దక్షిణాన మూసి అనే కొండలవరస. సుఖంగా రాకపోకలకు ఉన్నది పడమటి దారి ఒక్కటే. రెసియా అనే ఏరు ఆ దారినే పారి, రెసియుత్తా అనే ఊరి దగ్గర ఫెల్లా నదిలో కలుస్తుంది. శాన్ జోర్జో, న్యీవా, ఒసెయాకో, స్టోల్విట్సా అని ముఖ్యమైన ఊళ్ళు నాలుగు. కొండకు ఆవలి పక్కన ఉచ్చేయా అని ఇంకొకటి. ఈ పేర్లు ఇటలీ పటంలోవి. లోయవాళ్ళనడిగితే స్టోల్విట్సాను సోల్బిత్సా అంటారు, శాన్ జోర్జోను బీలా అంటారు.

దారి పడమటికి, ఇటాలియన్, ఫ్రియులియన్ భాషలవైపు తెరుచుకొని ఉన్నది. మాట మాత్రం తూర్పున కొండ అవతలి స్లావు కుటుంబానిది. చిక్కంతా ఇక్కడే.

స్లొవీన్ భాష మాట్లాడేవాళ్ళు ఇరవై లక్షలకు కాస్త పైన. అంత చిన్న జాతికి మాండలికాలు నలభై దాకా లెక్కగడతారు పండితులు. కొండకొక మాట, లోయకొక యాస. ఆ భాషకున్న ఒక విశేషం మనవాళ్ళకు చెప్పితీరాలి. సంస్కృతంలోలాగే దానికి మూడు వచనాలు! ‘రామః, రామౌ, రామాః’ అని చిన్నప్పుడు వల్లెవేసి, ఈ ద్వివచనం ఎవరి ప్రాణం తీయడానికి పుట్టిందిరా అని విసుక్కోనివాళ్ళు మనలో ఎందరు? అక్కడ అది పరీక్ష కోసం పెట్టింది కాదు, వంటింటి మాట. ‘మేము’ అనడానికి ‘మీ’ అంటారు. అదే భార్యాభర్తలిద్దరే అయితే ‘మీద్వా’, మేమిద్దరం అన్నమాట. క్రియ కూడా దానికి తగ్గట్టు మారుతుంది. నేను తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు, బతికున్న మనుషులు ఇలా మాట్లాడతారంటే పిల్లలు ఒక పట్టాన నమ్మలేదు.

1550లో ప్రిమోజ్ త్రూబర్ అనే మతాచార్యుడు మొదటి స్లొవీన్ పుస్తకాలు అచ్చువేయించాడు. ఆనాటి నుంచి ఆ భాషకు ఒక గ్రంథభాష ఏర్పడుతూ వచ్చింది. అది ఆస్ట్రియా ప్రభువుల కింద ఉన్న స్లొవీన్ ప్రాంతాల కథ. రెసియా అప్పుడు వెనిస్ రాజ్యంలో ఉన్నది. ఆ పుస్తకాల గాలి ఈ లోయకు సోకలేదు. 1797లో వెనిస్ రాజ్యం కూలిపోయింది. నెపోలియన్ వచ్చాడు, పోయాడు, ఆస్ట్రియా వచ్చింది. 1866లో ఆ ప్రాంతమంతా ఇటలీలో చేరింది. కొండ అవతల బొవెత్స్ ఊళ్ళు మాత్రం ఆస్ట్రియాలోనే ఉండిపోయాయి. అప్పటినుంచి రెసియా పిల్లవాడికి బడి అంటే ఇటాలియన్ బడి. అవతలి పిల్లవాడు స్లొవీన్ వాచకం చదువుకుంటూ పెరిగితే, వీడు ఇంట్లో అమ్మ మాట, బడిలో పంతులు మాట అని రెండు వేరువేరు భాషలతో పెరిగాడు.

తరువాత సరిహద్దు కుదురుగా ఉన్నదా అంటే అదీ లేదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1920లో అవతలి లోయ కూడా ఇటలీకే వచ్చింది. రెండో యుద్ధం తరువాత 1947లో అది యుగోస్లావియాకు పోయింది, కనిన్ మీద మళ్ళీ గీత గీశారు. 1991లో స్లొవీనియా స్వతంత్ర దేశమైంది. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది. 2007 డిసెంబరులో సరిహద్దు మీద తనిఖీలు ఎత్తివేశారు. దానితో ఎవరైనా అటు ఇటు తిరిగే వీలు కలిగింది. కాని ఇన్నాళ్ళ ఎడబాటు తరువాత లుబ్లియానా పట్నవాసం మనిషి వచ్చి రెసియా ముసలమ్మ మాట వింటే, నాలుగు మాటలు తెలిసి నలభై మాటలు తెలియక తికమక పడతాడు.

లోయ మగవాళ్ళు ఇంటిపట్టున ఉండే వృత్తికాదు వాళ్ళది. ముఖ్యంగా స్టోల్విట్సావాళ్ళు కత్తులకు, కత్తెరలకు సానపట్టేవాళ్ళు. సానరాయి, సరంజామా వీపున కట్టుకొని, తరువాతి కాలంలో చక్రాల బండి తోసుకుంటూ, ఆ తరువాత సైకిలుకే సాన అమర్చుకొని ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం ఊళ్ళన్నీ తిరిగేవారు. ఆ వృత్తిని తలుచుకుంటూ ఇవాళ స్టోల్విట్సాలో ఒక ప్రదర్శనశాల ఉన్నది. ఏటా ఆగస్టులో సానవాళ్ళ పండుగ చేస్తారు. ఇలా పదిదేశాల నీళ్ళు తాగినవాళ్ళు ఇంటికి వచ్చి మళ్ళీ అదే మాట మాట్లాడారంటే, ఆ మాట మీద వాళ్ళకెంత పట్టు ఉండాలి!

ఇక బొదువెన్ విన్న అచ్చుల సంగతి. రెసియా మాటలో మామూలు అచ్చులుగాక, గొంతులో కొంచెం ఊపిరి కలిసి, మసకగా, బొంగురుగా పలికే అచ్చులు కొన్ని ఉన్నాయి. ఆయన వాటికి ‘చీకటి అచ్చులు’ అని పేరుపెట్టాడు. అంతకన్న వింత ఇంకొకటి కనిపించింది. ఒక పదంలో ఊనిక ఉన్న అచ్చును బట్టి తక్కిన అచ్చులు రంగు మార్చుకుంటున్నాయి. తెలుగు చదివినవాళ్ళకు ఇది కొత్తగాదు. కత్తి అన్నప్పటి ఇకారం కత్తులు అనేసరికి ఉకారమవుతున్నది. ‘హరికి’ అంటాము, ‘గురువుకు’ అంటాము. అచ్చుకూ అచ్చుకూ మధ్య ఈ సర్దుబాటునే అచ్చుల పొందిక అంటారు. ఐరోపాలో ఇది హంగేరియన్, ఫిన్నిష్, తుర్కీ వంటి భాషల లక్షణం. స్లావు భాషలలో ఉండేది కాదు. అందుచేత బొదువెన్, ఈ లోయవాళ్ళలో ఏనాడో ‘తురేనియన్’ జాతివాళ్ళు కలిసి ఉంటారని ఊహించాడు. 1875లో రెసియా ధ్వనుల మీద ఆయన అచ్చువేసిన సిద్ధాంతవ్యాసం భాషాశాస్త్రంలో పేరుపొందింది, ఈ ఊహతో సహా.

తురేనియన్ అన్నమాట వినగానే నాకు నవ్వు వస్తుంది. ఆర్యభాష కానిది, సెమిటిక్ కానిది ఏది కనిపించినా ఆ రోజుల్లో పండితులు దానిని ఆ గోనెలోనే పడేసేవారు. 1854లో మాక్స్ ముల్లర్ తయారుచేసిన తురేనియన్ పట్టికలో మన తెలుగు, తమిళం కూడా ఉన్నాయి! అంటే ఒక ముచ్చటగా చెప్పుకోవాలంటే, కొంతకాలంపాటు కాగితం మీద మనకూ రెసియావాళ్ళకూ దూరపు చుట్టరికం నడిచింది. తరువాత ఆ గోనె చిరిగిపోయింది. రెసియా అచ్చుల పొందిక బయటినుంచి వచ్చింది కాదని, ఊనిక లేని అచ్చులు ఆ మాటలోనే క్రమంగా మారగా ఏర్పడిందని పండితులు తేల్చారు. 1928లో స్లొవీన్ భాషావేత్త ఫ్రాన్ రామొవ్ష్ ఇంకో అడుగు వేసి, రెసియా మాట మూలం ఉత్తరాన, ఇప్పటి ఆస్ట్రియాలో ఉన్న జీల్యా లోయ స్లొవీన్‌లో ఉన్నదని, కొండలు అడ్డుపడి తెగిపోయి వేరుదారిన ఎదిగిందని చూపించాడు. భాషావేత్తలలో ఎక్కువమంది ఇవాళ ఒప్పుకునేది ఇదే. శాస్త్రం ప్రకారం రెసియా మాట స్లొవీన్ మాండలికం.

మరి లోయవాళ్ళు ఏమంటారు? వాళ్ళ మాటకు వాళ్ళు పెట్టుకున్న పేరు ‘పొ నెస్’. ‘మా తీరున’ అని దాని అర్థం. ఏం భాష మాట్లాడుతున్నావంటే, మా తీరున మాట్లాడుతున్నాను! కాస్త హుందాగా చెప్పవలసివస్తే ‘రొజయాన్‌స్కి లంగాచ్’, రెసియా భాష, అంటారు. ఇందులో ‘లంగాచ్’ అన్నది పడమటి పొరుగువాళ్ళ దగ్గర తెచ్చుకున్న మాట. సొంత భాషను సొంతం అని చెప్పుకోవడానికి ఎరువు మాటా అని ఎగతాళి చేయనక్కరలేదు. మన ‘భాష’ ఎవరిది? సంస్కృతం నుంచి తెచ్చుకున్నదే కదా. తాము రష్యా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళమని కొందరు పెద్దలు చెప్పుకునే కథ కూడా ఉన్నది. చరిత్రకు అది నిలవదు. కాని మేము ఎవరికీ తోకలం కాము అన్న పట్టుదల ఆ కథలో వినిపిస్తుంది.

ఈ పేరు తగాదా ముసలివాళ్ళ అరుగు కబుర్లలో ఉన్నంతకాలం ఎవరికీ నష్టం లేదు. 1999లో ఇటలీ పార్లమెంటు అల్పసంఖ్యాక భాషల రక్షణకు ఒక చట్టం చేసింది. 2001లో స్లొవీన్ మాట్లాడే వాళ్ళ కోసం ప్రత్యేకంగా ఇంకొక చట్టం వచ్చింది. బడి, ఊరి పేర్ల పలకలు, సర్కారు సొమ్ము, అన్నీ ఆ చట్టంతో ముడిపడ్డాయి. రెసియా కూడా ఆ పరిధిలోకి వచ్చింది. అంతే, లోయ రెండుగా చీలింది. “మేము రెసియావాళ్ళం, స్లొవీన్‌లం కాము, మమ్మల్ని ఆ లెక్కలో రాయవద్దు” అని ఒక పక్షం. “మన మాట స్లొవీన్ కుటుంబంలోది. ఆ నీడ లేకపోతే ఇది మనతోనే పోతుంది” అని ఇంకొక పక్షం. ఇద్దరూ పోట్లాడుకునేది ఒకే మాట బతకాలని!

నన్నడిగితే, శాస్త్రం రామొవ్ష్ వైపే ఉన్నది. కాని మొదటి పక్షంవాళ్ళను మూఢులని తోసిపుచ్చడం నాకు ఇష్టం లేదు. గ్రంథభాష బడిలోకి వచ్చినచోట ఇంటిమాటకు ఏం గతి పడుతుందో తెలుగు పంతులుకు ఒకరు చెప్పాలా? ‘ఇలా అనకూడదు, ఇది తప్పు’ అని ఎర్రసిరా పెట్టిన చేయి నాది కూడా. లుబ్లియానా వాచకం రేపు బడిలోకి వస్తే తమ చీకటి అచ్చులకు కూడా ఆ ఎర్రసిరాయే పడుతుందని వాళ్ళ భయం. దానికి ఒక పక్షాన జవాబు కూడా తయారైంది. హాన్ స్టేన్‌వైక్ అనే డచ్చి పండితుడు ఆ లోయ మాటనే చాలాకాలం చదివి, 1994లో దానికొక లిపిపద్ధతి ఏర్పరచాడు. ఊరూరికీ పలుకు మారుతుంది కనుక ఏ ఊరివాళ్ళకు ఆ ఊరి తీరున రాసుకునే వీలు ఉంచాడు. వెయ్యిమందికి నాలుగు రకాల రాతా అని మనం ఆశ్చర్యపోవచ్చు. ఆ వెయ్యిమందికి అందులో ఆశ్చర్యమేమీ కనిపించదు.

1976 మే 6 రాత్రి ఆ ప్రాంతమంతటా పెద్ద భూకంపం వచ్చింది. ఫ్రియులీలో దాదాపు వెయ్యిమంది చనిపోయారు. అదే సెప్టెంబరులో భూమి మళ్ళీ కంపించింది. రెసియా ఊళ్ళలో ఇళ్ళు కూలాయి. అంతకుముందే పని వెతుక్కుంటూ వలసపోయే జనానికి ఇది ఇంకొక కారణమైంది. ఉన్నవాళ్ళు మాత్రం పాట, ఆట వదలలేదు. చలికాలం చివర వచ్చే ‘పుస్త్’ వేషాల పండుగలో తెల్లబట్టలు కట్టి, కాగితప్పూల టోపీలు పెట్టుకొని ఆడతారు. ఫిడేలును ‘చీతిరా’ అంటారు. దానికి తోడు మూడుతీగల పెద్ద వాయిద్యం ‘బూన్కులా’. తాళం వేసేది వాయించేవాడి పాదమే.

వీటన్నిటికన్న దూరం ప్రయాణం చేసినవి కథలు. 1962 నుంచి మిల్కో మాటిచెటొవ్ అనే స్లొవీన్ జానపద పరిశోధకుడు టేపురికార్డరు పట్టుకొని ఆ లోయకు మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. స్టోల్విట్సాలో టీనా వైటవా అనే కథలవ్వ, ఇంకా ఎందరో, వాళ్ళ తీరున కథలు చెప్పారు. వాటిలోని జంతువుల కథలు 1973లో పుస్తకంగా వచ్చాయి. లుబ్లియానా పిల్లలకు అవి ఎంత నచ్చాయంటే తోలుబొమ్మల్లాంటి బొమ్మలతో టెలివిజన్‌లో కూడా ఆడించారు. అయితే పిల్లలకు అర్థం కావాలి గనుక వాటిని గ్రంథభాషలోకి మార్చి చెప్పవలసివచ్చింది.

అందులో ఒక కథ ఇది. నక్క ఇంట్లోకి గ్రదీనా అనే భూతం ఒకటి దూరి కూర్చున్నది. నక్క బయట నిలబడి ఏడుస్తున్నది. పెద్దపెద్ద జంతువులు తరమబోయి, భయపడి వచ్చేశాయి. చివరకు ఒక చీమ లోపలికి పోయి ఆ భూతాన్ని వెళ్ళగొట్టింది. లుబ్లియానాలో చీమను ‘మ్రావ్ల్యా’ అంటారు. కథ అంతా వాళ్ళ భాషలోకి మార్చినా పుస్తకం అట్ట మీద దాని పేరు మాత్రం మార్చలేదు. రెసియావాళ్ళు పిలిచినట్టే ‘రూసిత్సా’ అని ఉంచారు.