పాత ట్రాక్టరుకు తుప్పా? పైపూతతో పోదు!

వానలు పడకముందే మీ పాత ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. మడ్‌గార్డు అంచుల్లో, బానెట్ కింద, ట్రక్కు తొట్టి మూలల్లో రంగు బొబ్బలు తేలిందా? గోటితో గిల్లితే ఎర్రపొడి రాలుతోందా? అయితే కనిపించేది కొంచెమే, లోపల తినేసింది ఎక్కువ.

చాలామంది పండక్కి డబ్బా రంగు తెచ్చి తుప్పుమీదే పూసేస్తారు. బండి కొత్తగా మెరుస్తుంది. కానీ రంగు కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. కొన్నాళ్లకే రేకు చిల్లులు పడుతుంది.

ఎందుకు పడుతుంది?

ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే మరీ త్వరగా పడుతుంది. బస్తాల నుంచి రాలిన పొటాష్ ఉప్పు జాతిదే. దమ్ము బురద, పెంట తేమను పట్టి ఉంచుతాయి. అందుకే ఎరువు తోలిన రోజే తొట్టి కడిగి ఆరబెట్టాలి.

ఎలా వదిలించాలి?

ముందు బ్యాటరీ ఎర్త్ తీగ తీసేయండి. బండి కడిగి ఎండలో బాగా ఆరనివ్వండి. ముక్కుకు సన్నని దుమ్మును ఆపే మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. పొడి పీల్చొద్దు, పిల్లల్ని దగ్గరకు రానీయొద్దు.

పెచ్చులను గీకుడు రేకుతో లేపి, వైరు బ్రష్‌తో రుద్దండి. తర్వాత 80 నంబరు ఎమరీ కాగితం, ఆపైన 120 నంబరు వాడండి. ఇనుము తెల్లగా మెరిసేదాకా వదలొద్దు. గుంటల్లో మిగిలిన మొండి తుప్పుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందు పూయాలి. చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, డబ్బామీద రాసినట్లే చేయండి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ మాత్రం పోయొద్దు. సందుల్లో మిగిలిపోతే మళ్లీ తుప్పు తెస్తుంది.

రేకు ఆరాక థిన్నర్ గుడ్డతో తుడవండి. దగ్గర్లో బీడీ, నిప్పు ఉండకూడదు. శుభ్రం చేసిన ఇనుమును రాత్రంతా వదిలేయకుండా అదేరోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేయండి. అది ఆరాక రెండుసార్లు పలుచగా రంగు వేయాలి. మబ్బు రోజు, మంచు కురిసే పొద్దున ఈ పని వద్దు.

ఇవి మీ చేతిపని కాదు

స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగిపోతే ఆ రేకు అయిపోయినట్లే. లప్పం పెట్టి దాచొద్దు, కోసి కొత్త ముక్క అతికించాలి. ట్రక్కు హుక్కు, చాసిస్ దగ్గర తుప్పు లోతుగా ఉంటే మెకానిక్కుకు చూపించనిదే బరువు ఎత్తొద్దు. లోడుతో హుక్కు విరిగితే పోయేది రేకు కాదు, ప్రాణం.

ప్రైమరు డబ్బాకు వెనకాడితే, రేపు రేకు మార్పించడానికి అప్పు చేయాల్సి వస్తుంది. ఈ వారమే ఒక పూట కేటాయించండి.