ముందుకు రాని విండో

రేడియో కేంద్రంలో స్టూడియోలు ఎన్ని ఉన్నప్పటికీ, ఎర్రదీపం వెలిగిన స్టూడియోలోని మాటే శ్రోతలకు చేరుతుంది. కంప్యూటర్ తెరమీద కూడ ఇదే ఏర్పాటు. విండోలు పది తెరిచి ఉండవచ్చును. మీట నొక్కితే అక్షరం చేరేది వాటిలో ఒక్కదానికే. ఆ అర్హతకు ఫోకస్ అని పేరు.

వ్రాతపనికి ఉపయోగించే ఎడిటర్లలో ఈ ఫోకస్ ఒక చిక్కు తెచ్చిపెడుతూ ఉంటుంది. ఎడిటర్ తెరిచే ఉన్నది, మరొక విండో దానిని కప్పివేసింది. ఇంతలో మీరు ఇంకొక ఫైలు తెరిచినారు. ఫైలు తెరుచుకుంటుంది గాని ఎడిటర్ ముందుకు రాదు. టాస్క్‌బార్ మీద దాని గుర్తు మాత్రం మినుకుమినుకు మంటుంది. చూచుకొనక టైపు చేసినవారి అక్షరాలు వేరొకచోట పడతాయి. ఒకనాటి సాయంత్రం నా ప్రసంగపాఠంలోని రెండు వాక్యాలు ఈ విధంగానే మిత్రునికి వ్రాస్తున్న ఉత్తరంలో చేరినవి. పంపకముందే చూచినాను గనుక సరిపోయింది.

ఇందుకు ఆపరేటింగ్ సిస్టంను నిందించటం న్యాయం కాదు. పూర్వం ఏ ప్రోగ్రాం అయినా తనంతట తాను ముందుకు దూకగలిగేది. పాస్‌వర్డ్ టైపు చేస్తుండగా మరొక విండో అడ్డు వచ్చిందా, సగం అక్షరాలు దాని పాలయ్యేవి. విండోస్ 98, విండోస్ 2000 లతో దీనికి కట్టడి వచ్చింది. మీరు స్వయంగా కదిలించిన ప్రోగ్రాంకే ముందుకు వచ్చే హక్కు లభిస్తుంది. లినక్స్‌లోని వేలాండ్ పద్ధతిలో ఆ హక్కు ఒక టోకెన్ రూపంలో ఉంటుంది.

అసలు లోపం ఎడిటర్‌లోనే ఉన్నది. మీరు ఫైలు మీద నొక్కగానే ఎడిటర్‌కు రెండవ ప్రతి ఒకటి పుడుతుంది. అన్నగారు ఇంతకుముందే ఉన్నారని గ్రహించి, ఫైలు పేరు ఆయనకు అప్పగించి, అది క్షణంలో అంతరిస్తుంది. మీ నొక్కు వలన కలిగిన హక్కు ఈ తమ్మునిది; అతనితోనే పోతుంది. అన్నగారి చేతికి ఫైలు వచ్చింది, అనుమతి రాలేదు!

కొందరు ప్రోగ్రాం రచయితలు విండోను క్షణకాలం అన్నిటికంటె పైకి లేపి చేతులు దులుపుకొంటారు. ఇది మరింత ప్రమాదం. విండో కంటికి కనిపిస్తుంది, ఫోకస్ మాత్రం పాతచోటనే ఉండిపోవచ్చును.

సరియైన దిద్దుబాటు హక్కును బదలాయించటమే. విండోస్‌లో అలౌ-సెట్-ఫోర్‌గ్రౌండ్-విండో అనే ఆజ్ఞ ఇందుకొరకే ఉన్నది. వేలాండ్‌లోనైతే ఫైలు పేరుతోపాటు టోకెన్‌ను కూడ పంపాలి. విండోస్‌లో అనుమతి ముందు ఇచ్చి, ఫైలు పేరు తరువాత పంపాలి. ఈ వరుస తారుమారైతే విండో ఒకసారి ముందుకు వస్తుంది, మరొకసారి రాదు. మరమ్మతు చేసేవారిని మిక్కిలి వేధించేది ఇటువంటి తప్పే.

పని కుదిరినదో లేదో తెలుసుకొనటానికి ఎడిటర్‌ను మరొక విండోతో కప్పి, ఫైలు తెరిచి, మౌస్ తాకకుండ ఒక్క అక్షరం టైపు చేసి, అది ఎక్కడ పడినదో చూడాలి.